మా అమ్మ కిడ్నీ, మా సార్ సిద్ధాంతం

నాకు మా డిపార్ట్‌మెంట్ హెడ్ పొడ గిట్టదు. ఇద్దరం ఒకే స్టాఫ్‌రూమ్‌లో, ఒకే ఫ్యాను కింద కూర్చుంటాం. టైమ్‌టేబుల్ గురించో ప్రాక్టికల్స్ గురించో తప్ప రెండేళ్లుగా మా మధ్య ఇంకో మాట లేదు. ఆయన చెడ్డవాడేం కాదు. అబద్ధాలాడడు, ఎవరి జోలికీ పోడు, పిల్లలకు ఓపిగ్గా పాఠం చెప్తాడు. అయినా సరే, గిట్టదు.

మాది నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను జువాలజీ చెప్తాను. పద్నాలుగేళ్ల కిందట ఇంటర్వ్యూ చేసి నన్ను తీసుకున్నది ఆయనే. ఆ రోజుల్లో ఆయనంటే నాకు గొప్ప గౌరవం. మనుషులు చేసే ప్రతి పనికీ ఆయన దగ్గర ఒక కారణం ఉండేది, ఆ కారణం ఎప్పుడూ ఆదిమానవుడి దగ్గర మొదలయ్యేది. పిల్లలు చిప్స్ ప్యాకెట్లు ఎందుకు వదలరు? అడవిలో ఉప్పూ కొవ్వూ దొరికేవి కావు గనక. ఒకడు మిర్చి వేస్తే ఊరంతా మిర్చే ఎందుకు వేస్తుంది? గుంపులో ఉన్నవాడు పులి బారిన పడడు గనక. ప్రిన్సిపాల్ గారు మీటింగుల్లో ఎందుకు అరుస్తారు? కోతుల గుంపులో పెద్ద మగకోతి కూడా అంతే. “చేతిలో సెల్‌ఫోన్ ఉన్నా మేడమ్, తలలో ఉన్నది వేటగాడి మెదడే” అనేవాడు. స్టాఫ్‌రూమంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నేను నవ్వేదాన్ని. ఆయన చెప్పినవే క్లాసులో చెప్పేదాన్ని, ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పేదాన్ని, కారంపూడి వెళ్లినప్పుడు మా అమ్మకు కూడా చెప్పేదాన్ని. అమ్మ చింతపండు గింజలు తీస్తూ వినేది. “అయితే ఏందంట?” అనేది చివర్లో. అమ్మ చదువుకోలేదు కాబట్టి అర్థం కాలేదనుకునేదాన్ని.

మా అమ్మకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉంది. ఆవిడ మా బాబాయి భార్య, అంటే మా అమ్మకు తోడికోడలు, నాకు పిన్ని. కారంపూడిలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ పక్కపక్కనే. మధ్యలో నడుమెత్తు గోడ ఒకటి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇద్దరూ కలిసే వండుకునేవారట. నాకు గుర్తున్నంతలో మాత్రం వాళ్ల మధ్య ఎప్పుడూ ఏదో ఒక రగడే.

మాటలు పూర్తిగా ఆగిపోయింది పంపు దగ్గర. నా తమ్ముడు ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. అది జరిగిన చాలా ఏళ్లకు, ఒక పొద్దున నీళ్ల దగ్గర ఎవరి బిందె ముందన్న గొడవలో పిన్ని అనేసింది: “కన్నకొడుకునే మింగినదానివి, నువ్వు ఇంకేం మిగలనిస్తావే?”

అమ్మ నిండని బిందె అక్కడే వదిలేసి లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి పదిహేనేళ్లు పిన్నితో మాట్లాడలేదు. గోడ అవతల పిన్ని గొంతు వినిపిస్తే టీవీ సౌండు పెంచేది. పెళ్లిళ్లలో పిన్ని ఒక బంతిలో కూర్చుంటే అమ్మ ఆ బంతి లేచేదాకా ఆగేది. మా నాన్న పోయిన రోజు పిన్ని వచ్చి గడపలో నిలబడితే, అంత ఏడుపులోనూ అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. “దాన్ని పాడె మీద చూస్తేగానీ నా కళ్లు చల్లబడవు” అని నా ముందే ఎన్నోసార్లు అంది. కోపంలో అనే మాట కాదు. అన్నం కలుపుకుంటూ, మామూలుగా అనేది.

పిన్నికి రెండు కిడ్నీలూ పాడయ్యాయని మూడేళ్ల కిందట తెలిసింది. వారానికి మూడు రోజులు బాబాయి ఆవిడను బస్సులో నరసరావుపేట తీసుకొచ్చి డయాలసిస్ చేయించేవాడు. కాలేజీ అయ్యాక నేను వెళ్లి కాసేపు కూర్చునేదాన్ని. పచ్చగా, దిట్టంగా ఉండే మనిషి ఏడాదిలో మసిపట్టిన గోడలా అయిపోయింది. గ్లాసెడు నీళ్లు తాగాలన్నా లెక్కే.

కిడ్నీ మార్చాలన్నారు డాక్టర్లు. బాబాయికి షుగరు, ఆయన పనికిరాడు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి పరీక్ష చేయించుకున్నాడు, బ్లడ్ గ్రూపు కలవలేదు. మిగిలింది మాచర్లలో ఉన్న పిన్ని సొంత తమ్ముడు. ఆయనకు గ్రూపు కలిసింది, మిగతా పరీక్షలన్నీ కలిశాయి. ఆపరేషన్ తేదీ అడగడానికి బాబాయి ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తి, ఆయన పొలం వెళ్లాడని చెప్పింది. మర్నాడూ అదే మాట. పది రోజుల తర్వాత బాబాయి మాచర్ల వెళితే తమ్ముడుగారు అరుగు మీదే కూర్చుని ఉన్నాడట. “నాకూ ఇద్దరు పిల్లలున్నారు బావా. నన్నేం చెయ్యమంటావు?” అన్నాడట.

ఆ సంగతి నేను అమ్మకు చెప్పాను. పనిలో పనిగా పాఠం కూడా చెప్పాను. తోబుట్టువులో సగం మన జన్యువులే ఉంటాయి, కానీ కన్నపిల్లల్లోనూ సగం ఉంటాయి, పైగా వాళ్లకింకా బోలెడు ఆయుష్షుంది, కాబట్టి ఆయన పిల్లలవైపు మొగ్గడం ప్రకృతే అన్నాను. తప్పు పట్టాల్సింది ఏమీ లేదన్నాను.

ఇక్కడ ఒక నిజం రాయాలి. నాది ఓ గ్రూపు. పిన్నికి సరిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, మా ఇంట్లో వాళ్లకు తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు అమ్మ పొలం వెళితే నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి డయాలసిస్ మంచం మీద ఉంటే, పక్కన కుర్చీలో కూర్చుని, నాకూ ఆవిడకూ రక్తసంబంధం లేదు గదా అని నాలో నేను అనుకున్నాను. ఆ మాట అనుకోగానే నాకు హాయిగా అనిపించింది. భయపడుతున్నానని ఒప్పుకోనక్కర్లేదు. నా బదులు లక్షల ఏళ్ల చరిత్ర జవాబు చెప్పేసింది.

అమ్మ నా పాఠమంతా విని, చేటలో బియ్యం పక్కన పెట్టింది.

“నాది కూడా ఓ గ్రూపే గదంటే?” అంది.

“అయితే?”

“అయితే ఏంది. నేనిస్తా.”

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. నీకు యాభై ఏడేళ్లు అన్నాను. పోయిన నా తమ్ముడి పేరెత్తి నిన్ను అంత మాటన్న మనిషికా అన్నాను. సొంత తమ్ముడే ఇవ్వనన్నాడు, నువ్వెవరు ఆవిడకు అన్నాను.

“వాడివ్వలేదనేగా నేనిస్తంది. వాడిస్తే నేనెందుకిస్తా?” అంది అమ్మ, నాకు అంతమాత్రం తెలియనందుకు విసుక్కుంటూ.

అసలు చిక్కు పిన్నితో వచ్చింది. బాబాయి ఈ మాట చెప్పగానే ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, “దానిదా? నాకొద్దు. చస్తే చస్తా. రేపు అది ఊళ్లోకి పోయి నా కిడ్నీతో బతుకుతందని చెప్పుకోవటానికా?” అంది. బాబాయి బతిమాలాడు. కొడుకు ఏడ్చాడు. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి, ఐదో రోజు డయాలసిస్ మధ్యలో స్పృహ తప్పింది. లేచాక, “సరే” అంది.

సొంత రక్తసంబంధం కానివాళ్లు ఇవ్వాలంటే ప్రభుత్వ కమిటీ ఒప్పుకోవాలి. ఎవరైనా డబ్బు తీసుకుని అమ్ముకుంటున్నారేమో చూస్తారు. గుంటూరులో ఆస్పత్రి వాళ్లే కాగితాలన్నీ తయారుచేశారు. అందులో ఒక అఫిడవిట్టు. ‘నా తోడికోడలి మీద ఉన్న ప్రేమాభిమానాలతో ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను’ అని ఉంది. నేను చదివి వినిపించాను.

“ఆ ముక్క కొట్టెయ్” అంది అమ్మ.

“ఏ ముక్క?”

“ప్రేమ ముక్క. నాకు దాని మీద ప్రేమేంది? ఇష్టంతో ఇస్తన్నా, అంతవరకే రాయి.”

కాగితాలు చూసే అమ్మాయి కంగారుపడింది. ఆ మాట లేకపోతే ఫైలు కదలదు ఆంటీ అని బతిమాలింది. నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. చివరికి అమ్మ వేలిముద్ర వేసింది గానీ, “మీరు రాసుకున్నారు, నేనన్లా” అని ఇద్దరికీ చెప్పి మరీ వేసింది.

కమిటీ ముందుకు అమ్మతోపాటు నన్ను కూడా రానిచ్చారు. బల్ల వెనక నలుగురు డాక్టర్లూ ఆఫీసర్లూ, ఒక మూల కెమెరా. నడుమ కూర్చున్న పెద్దాయన అడిగాడు.

“ఆమె మీకేమవుతుందమ్మా?”

“తోడికోడలు.”

“డబ్బేమైనా ఇస్తామన్నారా?”

“దాని డబ్బు నాకెందుకు సార్? నాకు మూడెకరాలుంది.”

“మరి బలవంతం ఏమైనా పెట్టారా?”

“నన్ను బలవంతపెట్టేవాళ్లు పుట్టలేదు.”

“అయితే ప్రేమతో ఇస్తున్నారన్నమాట.”

నేను బల్ల కింద అమ్మ చెయ్యి నొక్కాను. అమ్మ నా చెయ్యి తీసేసింది.

“ప్రేమేం లేదు సార్. పదిహేనేళ్ల నుంచి దాంతో నాకు మాటల్లేవు.”

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఉన్న ఒక్క డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, “మాటలు లేని మనిషికి ఎందుకిస్తున్నారు మరి?” అని అడిగింది.

అప్పుడు అమ్మ అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“అది చావాలని చానా సార్లు కోరుకున్నా మేడమ్. మొక్కుకున్నా కూడా. ఇప్పుడు నిజంగానే చస్తంది. నేను కోరుకున్నందుకు చస్తందని కాదు, అంత పిచ్చిదాన్ని కాదు. కానీ నా దగ్గర రెండున్నాయి. ఒకటి ఇస్తే అది బతుకుద్ది అని డాక్టర్లు చెప్తన్నారు. తెలిసి కూడా నేను కూర్చుంటే, అప్పుడు నేనే చంపినట్టు గదా? తిట్టుకోవటం వేరు, చంపటం వేరు.”

ఎవరూ ఏమీ రాసుకోలేదు. మమ్మల్ని బయటికి పంపి పిన్నినీ బాబాయినీ పిలిచారు. పిన్నినీ అదే ప్రశ్న అడిగారట, మీ తోడికోడలు మీకెందుకిస్తున్నట్టు అని. “నేను బతికున్నంత కాలం నన్ను తలొంచుకునేలా చెయ్యటానికి” అందట పిన్ని. బాబాయి తల పట్టుకుని బయటికొచ్చాడు. ఇక కాదన్నట్టేనని అందరం అనుకున్నాం. రెండు వారాలకు అనుమతి వచ్చింది. ఎందుకిచ్చారో మాకెవరూ చెప్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. పిన్ని అదే అంతస్తులో ఇంకో చివర ఉంది. నర్సు ఒకామె వచ్చి, “మీ కిడ్నీ అక్కడ చక్కగా పనిచేస్తోంది ఆంటీ, చూసొస్తారా?” అని అడిగితే, “నాదేంటమ్మా ఇంక, దానిదే” అని అమ్మ అటు తిరిగి పడుకుంది. ఊళ్లో మాత్రం కడుపులో గడ్డ తీశారని చెప్పమంది. పిన్నికి పెట్టింది ఎవరిదో చనిపోయిన మనిషిదని బాబాయితో చెప్పించింది.

నేను పదిహేను రోజుల సెలవు తర్వాత కాలేజీకి వెళ్లాను. సెలవు కోసం హెడ్‌కు ఒక్కడికే అసలు సంగతి చెప్పి ఉన్నాను. స్టాఫ్‌రూమ్‌లో మేమిద్దరమే ఉన్నాం. ఆయన లేచొచ్చి, అమ్మ ఎలా ఉందని ప్రేమగానే అడిగాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

“ఆలోచించాను మేడమ్. మన సిద్ధాంతానికి ఇది ఎదురు కేసులా కనపడుతుంది గానీ కాదు” అన్నాడు. “మీ పిన్నిగారి అబ్బాయిలో మీ వంశం ఉంది కదా. తల్లి బతికితే అతనికి మేలు.”

“అది మా నాన్న వంశం సార్. మా అమ్మకు వాళ్లతో రక్తసంబంధం లేదు.”

“అయితే పేరు. పదిమందిలో మంచి పేరుంటే గుంపు కాపాడుతుంది. ఆదిమ కాలంలో…”

“ఎవరికీ చెప్పొద్దంది. గడ్డ ఆపరేషన్ అని చెప్పించింది.”

“సరే, ఇచ్చిపుచ్చుకోవడం. రేపు అవసరమైతే వాళ్లు ఆదుకుంటారని.”

“ఆవిడతో ఇప్పటికీ మాట్లాడదు సార్.”

ఆయన చిరునవ్వు నవ్వాడు. క్లాసులో తప్పు చెప్పిన పిల్లను చూసి నవ్వే నవ్వు. “ఇవన్నీ లోపల జరిగే లెక్కలు మేడమ్. మెదడు తనంతట తాను చేసేస్తుంది. ఎందుకిచ్చిందో మీ అమ్మగారికే తెలీదు.”

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. కెమెరా ముందు, నలుగురు పెద్దమనుషుల ముందు, ఫైలు పోయినా సరే అబద్ధం చెప్పనని కూర్చున్న మనిషికి తన సంగతి తనకే తెలీదట. ఆవిణ్ణి ఎన్నడూ చూడని ఈయనకు తెలుసట.

“మా అమ్మ ఇవ్వకపోతే ఏం చెప్పేవాళ్లు సార్?” అని అడిగాను.

“అది ఇంకా తేలిక. రక్తసంబంధం లేదు కాబట్టి ఇవ్వలేదనేవాణ్ణి.”

“విషం పెట్టి చంపితే?”

“పోటీ. ఒకే వనరుల కోసం…”

“అంటే ఇచ్చినా మీరు కరెక్టే, ఇవ్వకపోయినా కరెక్టే, చంపినా కరెక్టే. ఏం చేసినా కరెక్టయ్యేది సైన్సేంది సార్? అది జాతకం!”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎప్పుడు లేచానో తెలియదు, నా చెయ్యి తగిలి బల్ల మీది రికార్డు పుస్తకాలు కింద పడ్డాయి. ఆయన మొహం తెల్లబోయింది. “జువాలజీ లెక్చరర్ అయ్యుండి పరిణామాన్నే కాదంటున్నారా?” అన్నాడు.

“మనిషికి రెండు కిడ్నీలు ఎట్లా వచ్చాయో అడిగితే మీరు చెప్పేదే నేనూ చెప్తా. అందులో ఒకటి ఎవరికి ఇచ్చిందో, ఎందుకిచ్చిందో మా అమ్మను అడగండి. ఆమె చెప్పింది. మీరే వినట్లా” అన్నాను.

సంగతి ప్రిన్సిపాల్ దాకా వెళ్లింది. అరిచినందుకు క్షమాపణ రాసివ్వమన్నారు. రాసిచ్చాను. అరిచినందుకు మాత్రమే అని రాశాను.

నేను ఇప్పటికీ పరిణామం పాఠం చెప్తాను. ఇష్టంగా చెప్తాను. తిమింగలం ఎముకల్లో కాళ్ల ఆనవాళ్లుంటాయని చెప్పినప్పుడు పిల్లల కళ్లు పెద్దవవుతాయి, నాకు సంతోషం వేస్తుంది. ఆకలీ, భయమూ, బిడ్డ ఏడిస్తే గుండె ఝల్లుమనడమూ ఎక్కడి నుంచో మోసుకొచ్చినవేనని నమ్ముతాను. పిన్ని పక్కన కుర్చీలో నాకు వేసిన భయం కూడా అలాంటిదే కావచ్చు. అమ్మకూ అదే భయం వేసింది. థియేటర్లోకి తీసుకెళ్లే ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. భయం ఇద్దరిదీ ఒకటే. నేను కూర్చుండిపోయాను, ఆవిడ వెళ్లి పడుకుంది. ఆ తేడాను ఏ ఆదిమానవుడి మీదికీ నెట్టడానికి నాకు మనసొప్పదు. మాచర్ల మామయ్య ఇవ్వకపోవడం ఆయన చేసిన పని. నేను నోరు మూసుకోవడం నేను చేసిన పని. మా సార్ సిద్ధాంతం మా ఇద్దరికీ మంచి సాకు ఇచ్చింది, అంతకు మించి మాకేమీ ఇవ్వలేదు. నా కోపమంతా ఆయన మీద చూపించాను గానీ అందులో సగం ఆయనది కాదు.

ఈ మాట అమ్మతో కూడా చెప్పాను. చెకప్‌కు గుంటూరు వెళ్లి వస్తుంటే, బస్సులో. నా గ్రూపు కూడా సరిపోయేదమ్మా, నేను తెలిసే ఊరుకున్నాను అన్నాను. ఓదారుస్తుందనుకున్నాను.

“తెలుసు. చూస్తానే ఉన్నా” అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

పిన్ని ఇప్పుడు బాగుంది. ఒళ్లు చేసింది, గొంతు కూడా తిరిగొచ్చింది. పోయిన వేసవిలో ఒక ఆదివారం నేను కారంపూడిలో ఉండగా, అమ్మ వాకిలి కడిగిన నీళ్లు పారి గోడ అవతల పిన్ని ఆరబోసుకున్న ఒడియాల పట్టా తడిసింది. పిన్ని గోడ దగ్గరికి వచ్చి మొదలుపెట్టింది. పదిహేడేళ్ల తర్వాత మొదటిసారి నేరుగా అమ్మనే తిట్టింది.

“కళ్లు కనపళ్లేదంటే? ఒకటిచ్చినంత మాత్రాన నెత్తికెక్కి తొక్కుతావా?”

అమ్మ చీపురు పట్టుకునే గోడ దాకా వెళ్లింది.

“దాని ఊసు ఎవరెత్తారే ఇప్పుడు? ఒడియాలు నా గోడకు ఆనించి ఎవరు పొయ్యమన్నారు నిన్ను?”

“గోడ నీ అబ్బదా?”

“సగం నాదే!”

అలా అరగంట సాగింది. పక్కిళ్లవాళ్లు బయటికొచ్చి చూశారు. బాబాయి వచ్చి పిన్నిని లోపలికి లాక్కెళ్లాడు. అమ్మ ఆయాసపడుతూ వచ్చి మెట్ల మీద కూర్చుంది. మంచినీళ్లిచ్చాను. సగం తాగి, గోడవైపు గడ్డం ఎత్తి చూపిస్తూ, “ఎండలో అట్టా అరవకూడదని ఆ డాక్టరు చెప్పాడా లేదా దానికి?” అని నన్ను కసిరింది.